ఉచితం, సముచితం

సంస్కృతంలో 'ఉచితము' అంటే తగినది, యుక్తమైనది. సముచితం, అనుచితం, ఔచిత్యం అన్నీ ఆ కుదుటినుంచి వచ్చినవే. పదకొండవ శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమేనని ఒక గ్రంథమే రచించాడు. అంతటి పదం మన వాడుకలో 'వెల లేనిది' అయి కూర్చుంది. తొమ్మిదో తరగతిలో ఒకసారి 'అనుచితం' అంటే ఏమిటిరా అని అడిగితే, "డబ్బిచ్చి కొనుక్కోవలసిందండీ" అన్నాడొక కుర్రవాడు. మార్కు వేయలేదు గాని, వాడి తర్కంలో తప్పు పట్టలేకపోయాను.

ఆ జవాబు ఈమధ్య పదే పదే గుర్తుకు వస్తోంది. అందుకు కారణం నా దగ్గర చదువుకున్న వేరొక విద్యార్థి అడిగిన ప్రశ్న. అతడు బెంగళూరులో సాఫ్టువేరు ఉద్యోగం చేస్తూ, రాత్రిపూటా సెలవుల్లోనూ కూర్చుని, ఇంటి దీపాలనూ ఫ్యానులనూ తలుపు తాళాలనూ ఫోనునుంచి నడిపే ఆప్ ఒకటి తయారు చేశాడు. మూడేళ్ళుగా అడిగినవారికల్లా ఊరికే ఇస్తున్నాడు. ఇప్పుడు దానికి వెల కట్టడమా, మూసివేయడమా అన్న సందిగ్ధంలో పడి నాకొక పొడవాటి వేగు రాశాడు. "మాస్టారూ, దీపం వెలిగించినందుకు డబ్బు అడగడం తప్పు కాదా?" అన్నది దాని సారాంశం. కంప్యూటరు విద్య ఎరుగని తెలుగు పండితుణ్ణి అడగవలసిన ప్రశ్నేనా అనిపించవచ్చు. కాని ఇది కంప్యూటరు ప్రశ్న కాదు. పైగా ఆ ఆప్ మా ఇంట్లోనే పనిచేస్తోంది.

ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. తెనాలిలో మేమిద్దరమే ఉంటాము. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. రాత్రి రెండు మూడుసార్లు లేస్తుంది. పడకగదినుంచి స్నానాలగదికి పోయే నడవలో ఒక మెట్టు ఉంది. పాత ఇల్లు, ఆ మెట్టు తీయించాలంటే గోడ తీయించినంత పని. రెండేళ్ళ క్రితం అక్కడే ఆమె తూలి, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. అది విన్న మా అబ్బాయి విదేశంనుంచి వచ్చినప్పుడు ఒక కంపెనీ బల్బులు, ఇంకొక కంపెనీవారి కదలిక పసిగట్టే పరికరాలు తెచ్చి బిగించాడు. నడవలో కాలు పెడితే దీపం దానంతట అదే వెలగాలి. పెట్టెమీద బొమ్మ అలాగే ఉంది. కాని బల్బులవారి ఆప్ వేరు, పరికరాలవారి ఆప్ వేరు. ఆ రెండూ ఒకే వంటింట్లో తిరుగుతూ మాట్లాడుకోని తోడికోడళ్ళలాగా ఉండేవి. వాటిని కలిపినది మా శిష్యుడి ఆప్.

అంతకన్న పెద్ద ఉపకారం ఇంకొకటి చేసింది. ఇటువంటి బల్బుల్లో చాలావాటికి ఒక స్వభావం ఉంది. కరెంటు పోయి తిరిగి వస్తే, ఎవరో మీట వేశారనుకుని నిండు కాంతితో వెలుగుతాయి. కొన్నిటిలో ఆ స్వభావం మార్చుకునే వీలుంది; మా బల్బుల్లో లేదు. కరెంటు పోని దేశాల్లో ఇదొక లోపమనే తోచదు. మాకు మాత్రం వేసవిలో అర్ధరాత్రి రెండింటికి కరెంటు వస్తే ఇల్లంతా దీపావళి అయ్యేది. మా శిష్యుడిదీ ఈ చుట్టుపక్కల ఊరే కాబట్టి అతడికి విడమరచి చెప్పే అవసరం కలగలేదు. ఏ దీపం ఏ స్థితిలో ఉన్నదీ ఎప్పటికప్పుడు రాసిపెట్టుకుని, కరెంటు వచ్చాక మళ్ళీ ఆ స్థితికే చేర్చే ఏర్పాటు చేశాడు. ఇన్వర్టరు మీద నడిచే అరచేతిలో పట్టేంత రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరు ఒకటి మా అల్మరాపై కూర్చుని ఆ లెక్క చూసుకుంటుంది. పెద్ద కంపెనీలుండగా ఒంటరి డెవలపర్లు ఎందుకని ఎవరైనా అడిగితే ఈ బల్బులనే చూపిస్తాను.

అతడికి అవుతున్న ఖర్చు డబ్బులో చూస్తే కొండంత కాదు. ఆపిల్‌వారికి ఏటా 99 డాలర్లు కట్టాలి. గూగుల్‌వారికి ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. అసలు ఖర్చు వేరేచోట ఉంది. ఫోనుల లోపలి సాఫ్టువేరు ఏటా మారుతుంది, మారినప్పుడల్లా నిన్నటిదాకా పనిచేసినది పనిచేయదు. బల్బు కంపెనీవారు చెప్పాపెట్టకుండా తమ పద్ధతి మారుస్తారు. కొత్త పరికరం వచ్చిందంటే, అది తన దగ్గర లేకుండా దానికి తగ్గట్టు రాయలేడు, కొనుక్కోవాలి. అతడి ఇంట్లో ఒక అర నిండా బల్బులే ఉన్నాయట. హాల్లో మాడిపోయిన ట్యూబులైటు మార్చడానికి మాత్రం తీరిక చిక్కలేదట. రాత్రి పదకొండు గంటలకు ఎవరో తలుపు తెరుచుకోవడం లేదని ఫోను చేస్తారు. ఊళ్ళవాళ్ళ దీపాలు వెలిగించడానికి మనిషి ఉన్నాడు గాని, మన పిల్లల లెక్కలు చూడడానికి లేడు అని అతడి భార్య ఒకనాడు అన్నదట. నాకు రాసిన వేగులో అన్నిటికన్న బరువైన వాక్యం అదే.

ఇంకొక దారి కూడా అతడి ముందుకు వచ్చింది. ప్రకటనల వ్యాపారం చేసే సంస్థ ఒకటి, ఆప్ ఉచితంగానే ఉంచవచ్చు, వాడేవారి ఇళ్ళలోని వివరాలు మాకు అందిస్తే చాలు, నెలనెలా ఇంత ఇస్తాము అన్నదట. పేర్లు అక్కరలేదు, దీపాలు ఎప్పుడు వెలిగాయో ఎప్పుడు ఆరాయో తెలిస్తే చాలునట. వినడానికి ఏమంత ఘోరంగా లేదు. కాని మా నడవలో దీపం లెక్క చూస్తే మా ఆవిడ రాత్రి ఎన్నిసార్లు లేచిందో తెలుస్తుంది. ఆ లెక్క ఆరునెలలు కూడబెడితే ఆమె ఆరోగ్యం ఎటు పోతున్నదో వైద్యుడికన్న ముందు వ్యాపారికి తెలుస్తుంది. వారం రోజులు ఏ దీపమూ వెలగకపోతే ఇంట్లో ఎవరూ లేరని తెలుస్తుంది. ఈ సంగతి చదివి వినిపిస్తే మా ఆవిడ, "నేను లేచేది ఎవరికో ఎందుకండీ!" అన్నది. మా శిష్యుడు ఆ సంస్థకు జవాబే ఇవ్వలేదు. ఇవ్వకపోవడానికి అతడి సంస్కారం కారణం. ఆ సంస్కారానికి నెలకు ఇంత అని నష్టం భరిస్తున్నది అతడి కుటుంబం.

ఇంతా చెప్పి, చివర నా మీదనే ఒక బాణం వేశాడు. "మీరు సాయంత్రాలు బడి అయ్యాక మాకు సంధులు, సమాసాలు ఊరికే చెప్పలేదా? మీ దగ్గర నేర్చుకున్నదే నేనూ చేస్తున్నాను" అన్నాడు. మాట తీయనిదే గాని పోలిక కుదరదు. నేను సాయంత్రాలు ఊరికే చెప్పగలిగానంటే, ప్రతినెలా జీతం ముట్టేది గనుక. నా ఔదార్యం వెనుక సబ్‌ట్రెజరీ ఉంది. జీతం లేని రోజుల్లో, అంటే పండిత శిక్షణ పూర్తయి ఉద్యోగం రాకముందు, నేను ట్యూషనుకు డబ్బు తీసుకునే చెప్పాను. అప్పుడు చెప్పిన సవర్ణదీర్ఘసంధి ఏమీ హ్రస్వం కాలేదు. అతడికీ ఉద్యోగం ఉంది నిజమే. కాని ఎనిమిది గంటలు ఇచ్చి జీతం తెచ్చుకున్నాక, మిగిలిన రాత్రిని ఎవరికి ఇవ్వాలన్నది అతడి ఒక్కడి ప్రశ్న కాదు.

మిత్రులు కొందరు ఈపాటికి నన్ను నిలదీయడానికి సిద్ధపడుతూ ఉంటారు. తెలుగులో ఈ నాలుగు ముక్కలు రాసుకోగలుగుతున్నది ఎవరి చలవ? తొంభైల తొలినాళ్ళలో ఆర్.టి.ఎస్. పద్ధతి రూపొందించినవారు వెల అడిగారా? పోతన ఖతి అడిగిందా? 2006లో వచ్చిన లేఖిని అడిగిందా? నా మొదటి టపా లేఖినిలోనే కొట్టాను. దానికి పది రూపాయలు పెట్టి ఉన్నా నాలాంటి పంతులు ఆ గడప తొక్కేవాడు కాదు. ఆ ఋణం తీరేది కాదు, తీర్చుకోవాలని నాకు లేదు కూడా.

కాని రెండు పనుల స్వభావం వేరు. లేఖిని మన బ్రౌజరులోనే అక్షరాలు మార్చి ఇస్తుంది. పదిమంది వాడినా పదివేలమంది వాడినా చేసినవారి భుజాలమీద పడే బరువులో పెద్ద తేడా లేదు. తెలుగు అక్షరమాల ఏటేటా మారదు. ఒకనాడు అది మొరాయిస్తే టపా రేపు రాసుకుంటాను. నడవలో దీపం రేపు వెలిగితే ఏం లాభం? ఒకటి బావి తవ్వించి వదిలినట్టు, రెండవది రోజూ చలివేంద్రం నడిపినట్టు. చలివేంద్రంలో ఎవరో ఒకరు కూర్చోవాలి, కుండలో నీళ్ళు నింపుతూ ఉండాలి. పొరుగు కన్నడంలో పుట్టి మనకూ ఉపయోగపడిన బరహ చాలాకాలం ఉచితంగా దొరికి, తరువాత వెల పెట్టుకుంది. అందులో నాకు అన్యాయమేమీ కనబడలేదు.

వెల పెట్టవలసిన చోట పెట్టకపోతే ఏమవుతుందో చూపించే ఉదాహరణలు ఈ ఇంటి పరికరాల చరిత్రలోనే ఉన్నాయి. అమెరికాలో రివాల్వ్ అనే పెట్టె ఉండేది. దాదాపు 300 డాలర్లు పెట్టి కొంటే, దాని సేవ జీవితాంతం ఉచితమన్నారు. 2014లో దానిని గూగుల్‌వారి నెస్ట్ కొన్నది. 2016 మే 15న సేవ ఆపివేసింది. పెట్టె చెడిపోలేదు, కొన్నవారు చనిపోలేదు, 'జీవితాంతం' మాత్రం అయిపోయింది. వింక్ అనే మరొక సంస్థ 2020 మేలో, వారం రోజుల్లో నెలకు 5 డాలర్ల చందా కట్టకపోతే సేవ నిలిపివేస్తామన్నది. గగ్గోలు పుట్టాక గడువు పొడిగించింది. ఇన్‌స్టియాన్ అనే పాత సంస్థ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోయాయి. చివరకు వాడకందారులే కొందరు కూడి ఆ సంస్థను కొనుక్కుని, చందా పెట్టుకుని నిలబెట్టుకున్నారు.

ఈ కథలన్నిటిలో కొన్నవారు డబ్బు ఇవ్వని పిసినారులు కారు. వస్తువుకు ఇచ్చారు, కాపలాకు ఇవ్వలేదు, అడిగినవారూ లేరు. పెట్టె అమ్మితే డబ్బు ఒక్కసారే వస్తుంది, సర్వరు ఖర్చు నెలనెలా వస్తుంది. కొత్త పెట్టెలు అమ్ముడుపోయినంతకాలం వాటి సొమ్ముతో పాతవారి దీపాలు వెలుగుతాయి. అమ్మకం తగ్గిననాడు పాతవారు భారమైపోతారు.

ఊరికే చాకిరీ చేసేవాడు అలిసిపోతే జరిగేది ఇంకా భయంకరం. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ వ్యవహారం చూడండి. ప్రపంచంలోని ఎన్నో కంప్యూటర్లలో ఉండే ఆ చిన్న సాఫ్టువేరును ఏళ్ళ తరబడి ఒక్క మనిషి జీతం లేకుండా చూసుకుంటూ వచ్చాడు. అలిసిపోయి ఉన్న ఆయనకు సాయం చేస్తానని ఒక అజ్ఞాతవ్యక్తి చేరి, రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించి, చివరకు దొంగదారి ఒకటి అందులో పెట్టాడు. లోపలికి ప్రవేశించడంలో అరసెకను ఆలస్యమెందుకవుతోందని ఒక ఇంజినీరు ఆరా తీయబట్టి బయటపడింది. ఇది చదివిన రాత్రి నాకు మా శిష్యుడి ఆప్‌లోని తాళాలు గుర్తుకు వచ్చాయి. మా ఇంటికి ఇనుప గొళ్ళెమే ఉంది గాని, వాడేవాళ్ళలో కొందరి వీధితలుపులు ఆ ఆప్ చేతిలో ఉన్నాయి. నిద్ర చాలని మనిషికి, ఒక్క రూపాయి ఇవ్వకుండా, ఇంటి తాళంచెవి అప్పగించడం ఏ ఔచిత్యం?

వస్తువుకు గాక కాపలాకు డబ్బివ్వడం కొత్త సంగతేమీ కాదు. 1960లలో, మా చిన్నతనంలో, మా ఊళ్ళో కమ్మరికీ వడ్రంగికీ రైతు ఏ పనికి ఆ పనిగా డబ్బు ఇచ్చేవాడు కాదు. నాగటి కర్రు మొండిబారితే కమ్మరి కాల్చి సాగగొట్టేవాడు. మేడి విరిగితే వడ్రంగి కొత్తది వేసేవాడు. ఆ పూట వాళ్ళ చేతిలో పైసా పడేది కాదు. నూర్పిళ్ళయ్యాక కల్లంలో వాళ్ళ వాటా ధాన్యం కొలిచేవారు. దానిని మేర అనేవారు. మేర అంటే హద్దు అని కూడా అర్థం. ఆ శ్లేష నాకు ఇష్టం. మేర ఒక కర్రుకు వెల కాదు. ఏడాది పొడుగునా, అందులోనూ తొలకరి పడి ఊరంతా ఒకేసారి అరకలు కట్టే వారంలో, పిలిస్తే పలికేందుకు వెల. ఇప్పుడు సబ్‌స్క్రిప్షను అని పిలుస్తున్నది ఇంచుమించు ఇదే.

ఆ ఏర్పాటును నేను కీర్తించడం లేదు. కొలిచే కుంచం రైతు చేతిలో ఉండేది. పంట పోయిన ఏడు మేర తగ్గేది, పండిన ఏడు పెరిగేది కాదు. కులాన్ని బట్టి వచ్చిన పని కాబట్టి కమ్మరి కొడుకు కొలిమి వదిలి పోవడం తేలిక కాదు. ఇప్పటి చందాల్లో అదే దోషం తిరగబడింది: అప్పుడు కమ్మరి రైతును వదిలి పోలేకపోయేవాడు, ఇప్పుడు రైతు కమ్మరిని వదిలి పోలేకపోతున్నాడు. చందా ఆపితే కొన్న బల్బు కూడా గుడ్డిదైపోతుంది. డబ్బు అడగడంలో తప్పు లేదు, మెడ పట్టుకుని అడగడంలో ఉంది.

మెడ పట్టుకోకుండా అడిగినవారు లేకపోలేదు. 2013లో పౌలస్ స్కౌట్సెన్ మొదలుపెట్టిన హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్టువేరు ఉంది. దానిని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, లోపల ఏముందో చూడవచ్చు, ఇంట్లోని కంప్యూటరులోనే నడుపుకోవచ్చు. 2018లో దాని వ్యవస్థాపకులు నబు కాసా అనే సంస్థ పెట్టి, పొరుగూరినుంచి కూడా ఇంటి దీపాన్ని సులువుగా అందుకునే సౌకర్యం వంటివాటికి చందా ఏర్పరిచారు. అమెరికాలో అది నెలకు 6.50 డాలర్లు. కట్టనివారి దీపాలు ఆరిపోవు. 2024లో ఈ సాఫ్టువేరు యాజమాన్యాన్ని ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థకు అప్పగించారు. అన్నట్టు, నబు అన్నది ప్రాచీన మెసొపొటేమియాలో రాతకు అధిదేవత పేరు. మనకు చుట్టమే.

ఇవన్నీ ఆలోచించి మా శిష్యుడికి జవాబు రాశాను. వెల పెట్టు, సంకోచించకు. నెలకు కాదు, ఏడాదికి ఒకసారి పెట్టు, మేర ఏడాదికొకసారే. ఎవరైనా చందా ఆపితే కొత్త సౌకర్యాలు ఆపు, ఉన్న మీట ఆపకు. రెండు దీపాలవరకు అందరికీ ఊరికే ఇవ్వు. అసలు కన్న కొసరు ముద్దన్నారు, మన జనానికి కొసరు లేకపోతే బేరమే రుచించదు. మూడేళ్ళుగా వాడుతున్నవారికి వారం కాదు, మూడునెలల ముందు చెప్పు. ఎప్పుడైనా నీవు మానుకోదలిస్తే ఆప్ మూలాన్ని బయట పెడతానని ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పు. తాళాల సంగతి మాత్రం, వాటిని చూసుకునేంత చందా వచ్చేదాకా ఆప్‌లోంచి తీసివెయ్యి. దీపం వెలగకపోతే మనిషి తడుముకుంటాడు, తాళం తెరుచుకుపోతే తడుముకోవడానికి ఏమీ మిగలదు.

చివరిది ఒక్కటే అతడికి నచ్చలేదు. తాళాల భాగం రాయడానికి ఏడాది పట్టిందట. రెండు రోజులు జవాబు లేదు. మూడవ రోజు "తీసేస్తాను మాస్టారూ" అని ఒక్క ముక్క వచ్చింది. ఆ ఒక్క ముక్క వెనుక ఎంత కష్టం ఉందో నాకు తెలుసు. ఎమ్మే వ్యాసంలో నలభై పుటలు కొట్టివేయించిన గురువు నాకూ ఒకాయన ఉండేవారు.

జనం కట్టరేమో అన్న బెంగ అతడిని ఇంకా వదలలేదు. ఐదారువందలు పెట్టి బల్బు కొన్నవాడు దానిని సక్రమంగా వెలిగించే మనిషికి ఏడాదికి అంత ఇవ్వలేడని నేను అనుకోను. ఇవ్వడానికి మనసు లేనివాళ్ళు ఉంటారు, వాళ్ళు పోతారు. వాళ్ళతో పాటు రాత్రి పదకొండు గంటల ఫోనులు కూడా కొన్ని పోతాయి. నాలాంటి పింఛనుదారుకు ఉండే భయం వేరు: అడగకుండా ఖాతాలోంచి డబ్బు లాగుతారేమోనని. 2021 అక్టోబరునుంచి రిజర్వుబ్యాంకు నియమం ప్రకారం ఇటువంటి చందా కోతకు 24 గంటల ముందు మనకు సందేశం పంపాలి. ఇష్టం లేకపోతే ఆపుకోవచ్చు. ఆ మాట ఆప్‌లో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయమన్నాను. వాక్యం నేనే రాసి పంపాను. మూడు సమాసాలు విడగొట్టి, రెండు తీసేసి వాడుకున్నాడు.

మా చందా దగ్గర మాత్రం పేచీ వచ్చింది. "మీ దగ్గరా మాస్టారూ!" అని, గురువులకు మినహాయింపు అంటూ ఏదో గుప్తసంకేతం పంపాడు. తిప్పి పంపాను. మళ్ళీ పంపాడు. మా ఆవిడ ఫోను అందుకుని, "నాయనా, పాలవాడికి ఇస్తున్నాము, పేపరువాడికి ఇస్తున్నాము. నువ్వు తీసుకోకపోతే దీపం వెలగలేదని నీకు ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇప్పుడు డబ్బు తీసుకో, సంక్రాంతికి వస్తే బట్టలు పెడతాను" అన్నది. దానితో వాడు ఒప్పుకున్నాడు.

ఇక మిగిలిన తగాదా ఒక్కటే. ఏడాదికి 499 అని పెడతానంటాడు, వ్యాపారంలో అదే ఆనవాయితీ అంటాడు. 500 అనవయ్యా, ఆ ఒక్క రూపాయి దాచి జనాన్ని మభ్యపెట్టడం దేనికి అంటాను నేను. ఈ విషయంలో ఇద్దరమూ ఇంకా పట్టు వదలలేదు.